పక్క సీట్ల బస్తా

సవతి పోరు పడ్డోళ్ళు మా మిర్యాలగూడల శానామంది ఉన్నరు. వాళ్ళ సవతులకు కండ్లు, ముక్కు, నోరు ఉండె. కొట్లాడుకోనీకన్న వీలుండె. నా సవతి బియ్యం బస్తా. నలభై ఆరు కిలోల గోనె బస్తా. నవ్వుకుంటే నవ్వుకోండ్రి, నేను గూడ నవ్వుకున్న రోజులున్నయి. నవ్వినంక కడుపుల మండేది, అది వేరే సంగతి.

నా పేరు ఆండాళు. మా మామ నర్సింగరావు. సాగర్ కాల్వ నీళ్ళొచ్చినంక మిర్యాలగూడల బియ్యం మిల్లులు వరుసబెట్టి లేచినయి గద, అండ్ల మాదొకటి. అంతకుముందు మాది ఒట్టి ధాన్యం దుకాణం. మిల్లు కొత్తది, బస్తా మీద కొట్టే మార్కా కొత్తది. బెజవాడ వ్యాపారులు మా ముద్ర సూసి "ఇదెవరి సరుకండీ, పేరే వినలేదే" అని మొకం తిప్పుకునేటోళ్ళట. అదే బియ్యం పాత మిల్లు సంచిల పోస్తే కండ్లకద్దుకునేటోళ్ళట. మా ఆయన జగన్మోహన్‌కు ఈ ముచ్చట లోపల గుచ్చుకున్నది. "కొత్తోడు చేసింది మంచిగుండొద్దా? పాతోడు తల్లి కడుపులకెల్లి పేరు పెట్టుకోనే పుట్టిండా?" అన్నం కాడ ఇదే మాట, పడుకునేటప్పుడు ఇదే మాట.

సరిగ్గ అప్పుడే సూర్యాపేట బావగారు స్పోర్ట్స్ కారు కొన్నడు.

బావగారంటే బద్రీనాథ్, మా ఆయన పెదనాయిన కొడుకు. సూర్యాపేటల కమీషన్ దుకాణం. హైదరాబాదుల ఒక జాగీర్దారు ఇల్లమ్ముకుంట ఇంగ్లండు కారు గూడ అమ్మిండట. రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకు అంటుకొని పండుకున్నట్టుంటది. మాకు తెలిసిన కార్లు అంబాసిడర్, ఫియట్. వాటిల ఇంటిల్లిపాది ఎక్కుతరు, సామాను గూడ ఎక్కుతది. ఇదేమో మొగుడు పెండ్లాలకు తప్ప ఇంకొకరికి జాగా లేని కారు. సూడంగనే నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో వేరే చెప్పాల్నా?

బావగారింట్ల పెండ్లి విందు రోజు మొగోళ్ళ బంతిల మాట నడిచింది. నేను ఆడోళ్ళ బంతిల కూసొని అంత విన్న. "ఆ కంపెనీ మా తాత పుట్టకముందు సంది ఇవే చేస్తున్నదిరా జగన్. గిసొంటివి కొత్తోనితోని అయ్యే పని గాదు" అన్నడు బావగారు. మా ఆయన విస్తరి ముందట లేచి నిలబడ్డడు. "నేను చేస్త అన్నా. నీ కారు మీదికి కొట్లాటకు తెస్త." బంతి బంతంత నవ్వింది. తిండి మీద లేచినోడు మల్ల కూసోలే.

మిల్లు ఎనక రేకుల షెడ్డుల పని మొదలైంది. మా మిల్లు ఫిట్టరు కిష్ట్యా, మా ఆయన, ఇద్దరే. దెబ్బతిన్న ఫియట్ ఇంజనొకటి ఎక్కడికెల్లో పట్టుకొచ్చిన్రు. ఇనుప గొట్టాలు అతికిన్రు. మిల్లుల బియ్యం జారే తొట్లకు వాడే రేకుతోని కారుకు ఒళ్ళు కొట్టిన్రు. మిషన్లకేసే ఆకుపచ్చ రంగు మిగిలితే అదే పూసిన్రు. ముందట పేరు రాయాలె గద, బస్తాల మీద కొట్టే మా మార్కా రేకు పెట్టి నల్ల రంగుతోని ముద్ర కొట్టిండు మా ఆయన. సూసి నేను పక్కున నవ్విన. ఆయనకు కోపం రాలే, ఆయన గూడ నవ్విండు. ఆ దినాలు మంచిగుండె.

ఒకరోజు మధ్యాహ్నం హమాలీలు అన్నానికి పోయినంక నన్ను మిల్లుకు పిలిచిండు. "కాంటా ఎక్కు" అన్నడు.

"నేనా? ఎందుకండి?"

"రెండో సీట్ల నువ్వుంటవ్ గద. నీ బరువెంతో తెల్వకపోతే స్ప్రింగులు ఎట్ల కట్టాలె?"

బస్తాలు తూచే కాంటా మీద కొంగు సదురుకొని నిలబడ్డ. సిగ్గయింది గని, అబద్ధమెందుకు, శానా సంబురమైంది. పెండ్లై ఆరేండ్లు, పిల్లా జెల్లా లేదు. నా గురించి ఒక మనిషి గింత పట్టించుకొని అడగడమే లేకుండె. అప్పుడే మా అత్తమ్మ దుర్గమ్మ అటొచ్చింది. "ఏందిరా, పెండ్లానికి తులాభారమా? ఎత్తుకు ఎత్తు ఏమిస్తున్నవ్?" అన్నది. "బియ్యం" అన్నడు మా ఆయన. అన్నంత పని చేసిండు. నా బరువుకు సరిగ్గ బియ్యం పోసి, గోనె మూతి కుట్టి, ఆ బస్తాను పక్క సీట్ల పండబెట్టిండు.

"కారు ఒళ్ళు కుదిరేదాక ఈ బస్తా తిరుగుతది ఆండాళూ. పని ఖతం కాంగనే బస్తా దించుత, నిన్ను ఎక్కిస్త. మొదలు నువ్వే" అన్నడు.

నేను నమ్మిన. ఎందుకు నమ్మొద్దు? అబద్ధమాడే మనిషి గాదు.

ఇగ సూడుండ్రి, బస్తా రాజభోగం మొదలైంది. పొద్దుగాల లేచి షికారుకు పోయేది బస్తా. నేరేడుచర్ల సూసింది బస్తా, హుజూర్‌నగర్ సూసింది బస్తా. కృష్ణ ఒడ్డుదాక వాడపల్లి పోయొచ్చింది. మలుపు కాడ జారుతున్నదని నా పాత చీర అడిగి తీసుకపోయి దాని నడుముకు కట్టిండు. అంచున్న చీర, అరటాకు రంగు, నాకు మా అమ్మ పెట్టింది. సవతి నా చీర గూడ కట్టిందని అత్తమ్మతోని అన్న. ఆమె జపమాల ఆపి నవ్వి, మల్ల తిప్పుకున్నది. వాన పడితే బస్తా తడవకుంట దానిమీద టార్పాలిన్ కప్పేటోడు. ఒక్కనాడన్న నా మీద గొడుగు పట్టిండా అంటే, ఏమో, నాకు యాదికి లేదు.

కారు ఒళ్ళు కుదురలే. మా ఆయన ఒకపారి ఎడమకు గుంజుతున్నదనేటోడు, ఇంకోపారి ఎనక తేలిపోతున్నదనేటోడు. విప్పేటోడు, మల్ల బిగించేటోడు. ఏడాది పోయింది, ఇంకో ఏడాది పోయింది. అన్నం షెడ్డుకే పంపాలె. రాత్రికి ఇంటికొస్తే ఒళ్ళంత గ్రీజు వాసన, మాట మొదలుపెడితే స్ప్రింగుల ముచ్చట. నేనొకటి చెప్తుంటే ఊకొట్టేటోడు, ఊకొట్టుకుంటనే నిద్రపోయేటోడు. మామ మిల్లుల, అత్తమ్మ జపంల, వంట అయినంక నాకు పనేముంటది? పెరట్ల కూసొని షెడ్డుల సుత్తె సప్పుడు వినేదాన్ని. దినమంత నోరు తెరవని రోజులుండె. సాయంత్రం పాలామె వస్తే "లీటరు పొయ్యి" అనబోతే గొంతు పెగలకపోయేది, దగ్గి దగ్గి అనాల్సి వచ్చేది. గట్ల బతికిన. ఎవరు కొట్టలే, ఎవరు తిట్టలే. నాకు ఒక్కటే ఆశ. బస్తా దిగాలె, నేను ఎక్కాలె.

డెబ్బై రెండు ఎండకాలం, కారు కుదిరింది. మా ఆయన సూర్యాపేట పోయి బావగారిని పందేనికి పిలిచిండు. సూర్యాపేట ఊరి బయటికెల్లి కోదాడ దాక, మధ్యల మునగాల, ఆగేది లేదు. మాట ఒకటే పెట్టిండు బావగారు: "మాది ఇద్దరి కారు. నేను మీ వదినెతోని వస్త. నీ కార్ల గూడ ఇద్దరుండాలె."

ఆ మాట విన్నకాడికెల్లి నా కాళ్ళు నేల మీద ఆనలే. అత్తమ్మను అడగనీకి భయపడ్డ. కప్పు లేని కార్ల, బజార్ల, మొగుని పక్కన కూసొని పోవుడంటే మా ఇండ్లల్ల చిన్న మాట గాదు. ఆమె మాత్రం జపమాల పక్కకు పెట్టి "పో. కొంగు గట్టిగ దోపుకో" అన్నది. గంతే. ఆ తల్లికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్న.

ఆ పొద్దు ఇంకా సూర్యుడు రాకముందే తలంటుకున్న. జడ బిగించి అల్లుకున్న, గాలికి చెదరకుంట. చీర కొంగుకు ఐదు పిన్నులు గుచ్చిన. మామకు బెజవాడల పని ఉండె, మాతోనే బయలెల్లిండు. ఆయన అంబాసిడర్‌ల నేను, కిష్ట్యా సూర్యాపేటకు పోయినం, డ్రైవరు జానయ్య తోలిండు. మా ఆయన బస్తాతోని ముందే పోయిండు. గాడ దించుతడు అనుకున్న.

ఊరి బయట రెండు కార్లు పక్కపక్కకు నిలబడ్డయి. అరుణకుమారక్క, బావగారి భార్య, తలకు రుమాలు కట్టుకొని నల్ల అద్దాలు పెట్టుకొని కూసున్నది. హైదరాబాదుల చదువుకున్న మనిషి, ఆమెకు నప్పింది. నేను మా కారు కాడికి పోయి నిలబడ్డ. బస్తా ఎప్పట్లాగనే అడ్డం పండుకొని ఉన్నది, నా చీర నడుముకు చుట్టుకొని, మీద గోనెపట్ట కప్పుకొని.

మా ఆయన చక్రాలు కాలితోని తన్ని సూసుకుంట వచ్చిండు. నన్ను సూసిండు. జడ సూసిండు, పిన్నులు సూసిండో లేదో. "ఆండాళూ, ఇయ్యాల గాదు" అన్నడు.

"ఏంది?"

"బస్తా కదలది. నువ్వు మలుపు కాడ బెదిరి జర ఇటు జరిగితే కారు తప్పుతది. కోదాడల దించుత. వచ్చేటప్పుడు నువ్వే."

"నేను బెదరను."

"నీకు తెల్వది" అన్నడు. కోపంగ గాదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పిండు.

బావగారు అడ్డం పడ్డడు. "ఇద్దరుండాలె అన్న గదరా?" మా ఆయన "బరువు లెక్కనే గద అన్నా? ఈమె బరువెంతనో బస్తా గంతనే" అన్నడు. బావగారు నవ్వి సరే అన్నడు. అరుణకుమారక్క నవ్వలే. నల్ల అద్దాలు తీసి నా దిక్కు సూసింది. ఆ చూపు ఓర్వలేక నేనే పోయి అంబాసిడర్‌ల కూసున్న.

మమ్మల్ని ముందు పంపిన్రు. కోదాడల రోడ్డు పక్క కాఫీ హోటలు కాడ నన్ను, కిష్ట్యాను దించి మామ బెజవాడకు వెళ్ళిపోయిండు. "వచ్చేది కార్లనే గద" అన్నడు. హోటలామె సులోచన బెజవాడ దిక్కు మనిషి. "కూర్చోండమ్మా, ఎండగా ఉంది, కాఫీ తాగుతారా?" అని బెంచీ తుడిచింది. గెలుపు ఎవరిదో నాకు అక్కర్లేకుండె. కోదాడ రానీ, బస్తా దిగనీ అని మొక్కుకుంట కూసున్న.

ముందు సప్పుడొచ్చింది. రోడ్డు మీద జనం లేచి నిలబడ్డరు. ఆకుపచ్చ కారు దుమ్ము లేపుకుంట ముందొచ్చింది. దాని ఎనకనే, ఒక లారీ పొడుగంత దూరంల, ఇంగ్లండు కారు. అయ్య బాబోయ్, ఆయన దిగిన తీరు సూడాలె! కిష్ట్యాను ఎత్తుకొని తిప్పిండు. బావగారు దిగి వచ్చి, మనసుల ఏముంచుకోలే, భుజం మీద చెయ్యేసిండు. "ఒప్పుకున్నరా జగన్. మునగాల దాటినంక నీ దుమ్మే తిన్నం. కొత్తోడు చెయ్యలేడన్న మాట వాపస్ తీసుకుంటున్న." మా ఆయన కండ్లల్ల నీళ్ళొచ్చినయి. నాకు గూడ వచ్చినయి, గర్వమైంది. గానీ కండ్లు మాత్రం బస్తా మీదికే పోయినయి.

మొగోళ్ళిద్దరు బానెట్లు ఎత్తి తలలు లోపలికి పెట్టిన్రు. అరుణకుమారక్క నా చెయ్యి పట్టుకొని "రావే, కాసేపు ఇందుల కూసో" అని తన సీట్ల కూసోబెట్టింది. కూసున్న. కాళ్ళు ముందుకు సాపుకున్న, ఎంత సాపినా ఇంకా జాగా ఉండె. చేతికి అందేకాడ ఒక పిడి ఉండె, పట్టుకోనీకి. పక్కకు తోలు సంచి కుట్టి ఉండె, చేతిరుమాలు పెట్టుకోనీకి. "ఈ పిడి లేకపోతే నేను ఎప్పుడో రోడ్డు మీద పడుదును" అని నవ్విందామె. నేను పిడి పట్టుకొని సూసిన. అది నున్నగ అరిగి ఉన్నది. ఎంతమంది ఆడోళ్ళు పట్టుకున్నరో.

"ఆండాళూ!" మా ఆయన పిలిచిండు. "రా, ఇగ నీ వంతు!"

ఉరికిన. జనమంత సూస్తున్నరు, సూడనీ. కిష్ట్యా గోనెపట్ట తీసిండు, నా చీర ముడి విప్పిండు, ఇద్దరు కలిసి బస్తా ఎత్తి కింద పెట్టిన్రు. రెండేండ్లల్ల ఆ సీటు ఖాళీగ సూసుడు అదే మొదలు. మా ఆయన అన్నంత పని చేసిండని, నా మొగుడు మాట తప్పలే అని, ఆ జనంల గట్టిగ అరవాలనిపించింది. కొంగు దోపుకొని కాలు లోపల పెట్టిన.

కాలు దిగలే.

వంగి సూసిన. ముందట బ్యాటరీ. దాని పక్కకు పెట్రోలు ట్యాంకు, అడ్డంగ, రేకు పట్టీలతోని బిగించి. సీటు అంటే ఒట్టి చెక్క, బస్తా పండే తీరుకు గుంత చేసిన చెక్క. కాళ్ళు పెట్టుకోనీకి జానెడు జాగా లేదు.

మా ఆయన గూడ వంగి సూసిండు. తల గోక్కున్నడు. "అరె" అన్నడు. "బస్తా ముందట జాగా ఉత్తగ కనబడె, ఇవన్ని గీడ పెట్టిన. గిది యాదికే రాలే."

"కాళ్ళు ముడుసుకొని కూసో" అన్నడు మల్ల. కూసున్న, బాసింపట్టు వేసుకొని. మోకాలు పోయి గేరు రాడుకు తగిలింది. గేరు మార్చబోయిండు, నా మోకాలు అడ్డమొచ్చింది. ఇటు జరిగిన, సగం బయటికొచ్చిన. జనం నవ్వుతున్నరు. బావగారు గూడ నవ్విండు, పాపం ఆపుకోలేక. నేను గూడ నవ్విన. "కాళ్ళు ఇంట్ల పెట్టి రావాల్సుండె" అన్న. ఇంకా నవ్విన్రు.

సూడుండ్రి, మా ఆయన చేతుల పనితనం లేదని ఎవరన్న అంటే నేనే కొట్లాడుత. కంపెనీ కారును ఓడగొట్టిండు. కానీ ఆ కంపెనోడు గూడ మొదలు గిట్లనే చేసి ఉంటడు. ఎవరి పెండ్లామో ఎక్కి, కాలు దిగక, నోటికొచ్చినట్టు తిట్టి ఉంటది. ఇంకొకామె పట్టుకోనీకి పిడేదని తిట్టి ఉంటది. పాత కంపెనీ అంటే ఇంకేంది? అన్నేండ్ల సంది తిట్లు తిన్న కంపెనీ. మా ఆయన రెండేండ్లు బస్తాను తిప్పిండు. బస్తా ఏమని తిడతది? నా బరువు గ్రాముతోసహా తెలుసు ఆ మనిషికి. నాకు కాళ్ళున్నయని తెల్వది.

దిగిన. ఆయన అప్పటికే బావగారితోని మాట్లాడుతున్నడు. బ్యాటరీ ఎనకకు మారుస్తే బరువు మారుతది, బరువు మారితే స్ప్రింగులన్ని విప్పాలె, మల్ల ఏడాది పని, ఇంత మంచిగ కుదిరిన కారును ఎట్ల విప్పుదును అన్నా అని. బావగారు "విప్పకురా, పాడైతది" అన్నడు. ఉత్త సీటుతోని నడిపితే ఒక పక్కకు గుంజుతదని, కిష్ట్యా బస్తా ఎత్తి మల్ల సీట్ల పెట్టిండు. ముడేయనీకి నా చీర అందక అటిటు సూస్తుంటే, కింద పడ్డది నేనే తీసి ఇచ్చిన.

"పరేషాన్ గాకు ఆండాళూ. బస్సుల రా, కిష్ట్యా తోడొస్తడు. నేను హుజూర్‌నగర్ కాడ పెట్రోలు పోయించుకొని ఇంటికొస్త" అన్నడు. మొకం ఎలిగిపోతున్నది. అట్ల ఎలిగే మొకాన్ని ఏమని తిడుత? "సరే" అన్న.

మిర్యాలగూడ బస్సు కిక్కిరిసి ఉన్నది. కిష్ట్యా ఎనక నిలబడ్డడు. నాకు ముందుదిక్కు ఒక ముసలామె పక్కన జాగా దొరికింది. పేరు సైదమ్మట, అనంతగిరి మనిషి, గొర్లు కాసుకునేటోళ్ళు, బిడ్డను సూడనీకి పోతున్నది. గొంగడిల కట్టిన పెద్ద మూట కాళ్ళ కాడ పెట్టుకున్నది. నేను ఎడంగ, అంచుకు కూసున్న.

ఊరు దాటినంక ఎనకకెల్లి హారను. ఆకుపచ్చ కారు బస్సును దాటింది. మా ఆయన నన్ను కిటికీల సూసి చెయ్యెత్తి ఊపిండు, పండ్లన్ని కనబడంగ నవ్వుకుంట. పక్కకు బస్తా, నడుముకు అరటాకు రంగు చీర, కొస గాలికి ఎగురుకుంట. బస్సులోళ్ళంత అటే సూసిన్రు.

"ఎవలో బిడ్డా ఆ పిలగాడు, పక్కకు బస్తా ఏసుకొని పోతున్నడు?" అని అడిగింది సైదమ్మ.

"తెల్వదవ్వా" అన్న.

ఆమె నా దిక్కు సూసింది. తరువాత నా కాళ్ళ దిక్కు సూసింది. మూటకు తగలకుంట సీటు కిందికి ఇరికించుకొని ఉన్న. ఒంగి, మూలుక్కుంట, ఆ మూటను పైకెత్తి ఒళ్ళో పెట్టుకున్నది.

"కాళ్ళు సాపుకో బిడ్డా. ఎంతసేపు గట్ల కూసుంటవ్?"

కోదాడల అంతమంది నవ్వినప్పుడు నాకు ఏడుపు రాలే. గప్పుడొచ్చింది. నోట్లె కొంగు కుక్కుకున్నా ఆగలే. హుజూర్‌నగర్ దాటేదాక సైదమ్మ ఆ మూట ఒళ్ళోనే పెట్టుకొని కూసున్నది.